ఎన్ఐటీ, ఎన్ఐటీ, ఎన్ఎస్ఎస్: మావయ్య ఇంజెక్షన్‌లో దాగిన చక్కెర కథ

ఈసారి కూడా రాజోలు నుంచే, మా డాబా మీద నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల వినిపించేది వర్షం కాదండోయ్, కొబ్బరాకులు.

మన హిస్టరీ ఎపిసోడ్లలో మామూలుగా కోటలుంటాయి, ఆనకట్టలుంటాయి, రాజులుంటారు. ఈరోజు రాజు లేడు. ఒక ఇంజెక్షన్ ఉంది. చూస్తే నా వేలంత ఉంటుంది. దాని వెనకాల డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర కోడిగుడ్డు దగ్గర మొదలై హైదరాబాద్ దాకా వస్తుంది. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ముందు అదే చెప్పేస్తాను.

మా మావయ్యకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రాజోలు నుంచి అమలాపురం బస్సెక్కి డయాలసిస్‌కి వెళ్తాడు. అయిపోయాక ప్రతిసారీ ఒక ఇంజెక్షన్ చేసేవారు. మా ఇంట్లో దాని పేరు రక్తం ఇంజెక్షన్. రక్తం తగ్గిపోకుండా చేస్తుంది కాబట్టి.

ఒకరోజు డాక్టర్ గారు మందు మార్చారు. ఇకనుంచి వారానికి ఒక్కటే చాలన్నారు. షాపులో కొని, ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడుకోమన్నారు. మావయ్యకి అనుమానం వచ్చింది. నాకు ఫోన్ చేశాడు. నేనప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని ఫోన్ ఎత్తాను.

"ఒరే అల్లుడూ, నువ్వు బీటెక్ చదివావు కదా. వారానికి మూడు చేసేవోరు, ఇప్పుడు ఒకటే సాలంటన్నారు. పైగా నర్సమ్మ చెప్పింది, దీనికి చక్కెర ఎక్కువ అంటించారంట. నాకే షుగరు కదరా, మళ్లీ చక్కెర అంటించిన మందేంట్రా?"

నేనేమన్నానో తెలుసా? "ఏమో మావయ్యా, డూప్లికేట్ సరుకేమో. నేను కనుక్కునేదాకా వాడకు."

కనుక్కునేదాకా అన్నాను. కనుక్కోలేదు. మీటింగ్ అయిపోయింది, మర్చిపోయాను. నెలన్నర తర్వాత అత్తయ్య ఫ్రిజ్ కడుగుతుంటే పచ్చడి సీసా వెనకాల ఆరు డబ్బాలు సీల్ కూడా తీయకుండా దొరికాయి. ఆసుపత్రిలో మాత్రం ఇంటి దగ్గర వేయించుకుంటున్నానని చెప్తున్నాడట. అప్పటికి హిమోగ్లోబిన్ 10 నుంచి 7 లోపుకి పడిపోయింది. రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది.

మావయ్య అడిగినవి రెండు ప్రశ్నలు. మూడు చేసే పని ఒకటి ఎలా చేస్తుంది? చక్కెర అంటించడమేంటి? ఆ రెండింటికీ జవాబు ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ జవాబే ఈ ఎపిసోడ్.

ఒక్క మాట ముందే క్లియర్ చేసుకుందాం. షుగర్ జబ్బులో రక్తంలోని గ్లూకోజ్ తనంతట తానే హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది. మూడు నెలల షుగర్ టెస్ట్ కొలిచేది దాన్నే. అది అనుకోకుండా అంటే మరక లాంటిది. ఈరోజు మాట్లాడుకునేది వేరు. మన ఒంట్లో సెల్ కావాలని, చోటు చూసి, ఒక మెషీన్ పెట్టి మరీ అంటించే చక్కెర. దాంతో షుగర్ లెవెల్ పెరగదు. మందు మొత్తం కలిపినా మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అందులో చక్కెర ఎంతని?

కోడిగుడ్డుతో మొదలు

1938. లండన్. ఆల్బర్ట్ న్యూబర్గర్ అనే బయోకెమిస్ట్. జర్మనీలో పుట్టిన యూదుడు, హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో ఇంగ్లండ్ వచ్చేశాడు. ఆయన పట్టుకున్నది కోడిగుడ్డు తెల్లసొన. అందులోని ప్రొటీన్లలో ఎక్కువ భాగం ఓవాల్బ్యుమిన్. దాన్ని ఎంత శుభ్రం చేసినా కాస్త చక్కెర తగులుతూనే ఉండేది. సరిగ్గా కడగలేదు, అది మురికి అనే అనుమానం అప్పటికి గట్టిగా ఉండేది. న్యూబర్గర్ ఓపిగ్గా పని చేసి, ఆ చక్కెర మురికి కాదనీ, ప్రొటీన్‌కి రసాయన బంధంతో అతుక్కుని ఉందనీ చూపించాడు.

అయితే ప్రొటీన్‌లో ఎక్కడ అతుక్కుంది? ఆ ప్రశ్నకి అప్పుడు జవాబు లేదు. ఎందుకంటే ప్రొటీన్‌ని చదవడమే ఎవరికీ రాదు.

ప్రొటీన్ అంటే ఒక పొడవాటి దండ. దండలో పూసలు అమైనో యాసిడ్లు. మొత్తం 20 రకాలు. ఒక్కో రకానికి ఒక ఇంగ్లీష్ అక్షరం పెట్టారు. అంటే ప్రొటీన్ అనేది 20 అక్షరాలతో రాసిన ఒక పొడవాటి స్ట్రింగ్. మాలాంటి కోడింగ్ వాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. ఆ స్ట్రింగ్‌ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం నేర్పింది ఫ్రెడరిక్ సాంగర్. 1950ల్లో ఇన్సులిన్‌ని పూర్తిగా చదివి 1958లో నోబెల్ తీసుకున్నాడు. ఆ సాంగర్‌కి పీహెచ్‌డీ గైడ్ ఎవరనుకున్నారు? ఇదే న్యూబర్గర్. గురువుగారు వదిలేసిన ప్రశ్నకి శిష్యుడి పద్ధతే దారి చూపించింది.

1960ల మొదట్లో గుడ్డు ప్రొటీన్‌లో చక్కెర అంటిన పూస ఏదో తేలింది. దాని పేరు అస్పరాజిన్, అక్షరం ఎన్. 1806లో ఫ్రాన్స్‌లో ఆస్పరాగస్ మొక్క రసం నుంచి తీశారు కాబట్టి ఆ పేరొచ్చింది. మన పొలం గట్ల మీద పిల్లిపీచర అని ఉంటుంది చూడండి, ఆయుర్వేదం వాళ్లు శతావరి అంటారు, అది ఆ కుటుంబానిదే.

రేవు ఉన్నచోటే పంటు ఆగుతుంది

ఇక్కడ ఇంకో చిక్కు. ఒక ప్రొటీన్‌లో ఎన్ అక్షరాలు చాలా ఉంటాయి. అన్నిటికీ చక్కెర ఉండదు. మరి ఏ ఎన్‌కి అంటాలో ఎవరు చెప్తారు?

వేర్వేరు ప్రొటీన్ల సీక్వెన్సులు ఒక్కొక్కటే బయటికొస్తుంటే, చక్కెర అంటిన చోట్లన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక ప్యాటర్న్ కనిపించింది. ఎన్ తర్వాత ఏదో ఒక అక్షరం. ఆ తర్వాత ఎస్ గానీ టీ గానీ. ఎస్ అంటే సెరీన్, టీ అంటే త్రియోనిన్. ఒక్క షరతు ఉంది, మధ్యలో వచ్చే అక్షరం పీ కాకూడదు. పీ అంటే ప్రోలిన్. అది దండని బిర్రుగా వంచేస్తుంది, మెషీన్‌లో సరిగ్గా కూర్చోదు. న్యూబర్గర్ దగ్గర పని చేసిన మార్షల్ ఈ మూడక్షరాల మాటకి సీక్వాన్ అని పేరు పెట్టాడు.

కోడింగ్ వచ్చినవాళ్లూ, ఇది ఒక చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంతే. ఎన్, పీ కానిది ఏదైనా, ఎస్ లేదా టీ. ఒక్క లైన్.

రాని వాళ్లకి వేరే పోలిక. ఇది నాది కాదు, మావయ్యది. ఎలా వచ్చిందో చివర్లో చెప్తాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్లారా ఎప్పుడైనా? పంటు గట్టు పొడవునా ఎక్కడ పడితే అక్కడ ఆగదు. రేవు ఉన్నచోటే ఆగుతుంది. ప్రొటీన్ దండ గట్టు అనుకోండి. ఆ మూడక్షరాలు రేవు. చక్కెర పంటు. ఆ పంటు ఖాళీగా రాదు. 14 చక్కెరలతో ముందే కట్టిన గుత్తి ఒకటి రెడీగా ఉంటుంది, ఒక ఎంజైమ్ దాన్ని మొత్తంగా తెచ్చి ఎన్‌కి తగిలిస్తుంది. తర్వాత సెల్ ఆ గుత్తిని కొంచెం కత్తిరించి, కొత్త చక్కెరలు కలిపి తీరుస్తుంది.

ఇప్పుడు ట్విస్ట్. రేవు ఉన్నంత మాత్రాన పంటు వచ్చి తీరాలని లేదు. ఇసుక మేట వేస్తే రాదు, నీళ్లు తక్కువైతే రాదు. ఇక్కడా అంతే. దండ తయారవుతుండగానే మడత పడిపోతూ ఉంటుంది. ఎంజైమ్ వచ్చేలోపు ఆ చోటు మడతలోకి వెళ్లిపోతే, అక్షరాలు కరెక్టుగా ఉన్నా చక్కెర అంటదు. చివర్లో టీ ఉంటే ఎక్కువసార్లు అంటుతుంది, ఎస్ ఉంటే తక్కువ.

మళ్లీ మన గుడ్డు ప్రొటీన్ చూడండి. 385 పూసల దండ. అందులో ఇలాంటి రేవులు రెండు, ఒకదానికొకటి దగ్గర్లోనే. ఒకటి ఎన్-ఎల్-టీ, రెండోది ఎన్-ఎల్-ఎస్. మీరు తినే గుడ్డులో మొదటిదానికి చక్కెర ఉంటుంది. రెండోది దాదాపు ఎప్పుడూ ఖాళీ. అంటే ఈ మూడక్షరాలు ఆర్డర్ కాదు, పర్మిషన్ మాత్రమే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

2,550 లీటర్ల మూత్రం

ఇప్పుడు మావయ్య మందు దగ్గరికి వద్దాం. కిడ్నీ అంటే మూత్రం వడపోసేది అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. అది ఇంకో పని కూడా చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఎరిత్రోపోయిటిన్ అనే ప్రొటీన్‌ని వదిలి, ఎర్ర కణాలు తయారు చెయ్యమని ఎముక మజ్జకి కబురు పంపుతుంది. పొట్టిగా ఈపీఓ. ఆ కబురు ముఖ్యంగా కిడ్నీ నుంచే వెళ్తుందని 1957లో షికాగో యూనివర్సిటీ వాళ్లు చూపించారు. కిడ్నీ పాడైతే కబురు ఆగిపోతుంది. డయాలసిస్ మెషీన్ రక్తాన్ని కడగగలదు గానీ ఈ కబురు పంపలేదు. అందుకే డయాలసిస్ వాళ్లలో అంత రక్తహీనత. రాజోలు నుంచి శ్రీకాకుళం ఉద్దానం దాకా, మనలాగే కొబ్బరి తోటలుండి, ఎందుకొస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బుతో నలిగే ఆ ఊళ్ల దాకా, డయాలసిస్ మంచం ఉన్న ప్రతిచోటా ఇదే సమస్య.

షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ అనే ఆయన 1955 నుంచి ఈ ప్రొటీన్ వెంట పడ్డాడు. దాన్ని శుద్ధిగా బయటికి తీయడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకంటే అది రక్తంలో అంత తక్కువ ఉంటుంది. గొర్రెల రక్తంతో ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. చివరికి సాయం జపాన్ నుంచి వచ్చింది. కుమమొటోలో తకాజి మియాకే అనే డాక్టర్, ఎముక మజ్జ దెబ్బతిన్న రోగుల మూత్రం పోగు చేశాడు. వాళ్ల ఒంట్లో ఈపీఓ విపరీతంగా తయారై మూత్రంలోకి వస్తుంది. మొత్తం 2,550 లీటర్లు. దాన్ని ఎండబెట్టి, జపాన్ పద్ధతిలో గుడ్డలో చుట్టిన పొట్లంగా షికాగో తీసుకెళ్లాడు. 1977లో ఫలితం ప్రకటించారు. అంత మూత్రం నుంచి చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు.

ఆ కొంచెంతోనే సీక్వెన్స్‌లో ముక్కలు చదివారు. వాటి ఆధారంగా 1983లో ఆమ్జెన్ అనే అమెరికన్ కంపెనీలో, తైవాన్ నుంచి వెళ్లిన ఫు-కుయెన్ లిన్ ఆ జీన్ పట్టుకున్నాడు. 1989లో మందు అమెరికాలో అనుమతి పొందింది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఈపీఓ మొత్తం 165 అక్షరాలు. ఇందులో ఎన్ ఎన్నిసార్లు ఉంది? ఆరు. మన ఒక్క లైన్ రూల్‌తో వెతుకుదాం. 36వ చోట ఎన్-ఈ-ఎన్, కాదు. 47లో ఎన్-ఎఫ్-వై, కాదు. 147లో ఎన్-ఎఫ్-ఎల్, కాదు. 24లో ఎన్-ఐ-టీ, అవును. 38లో మళ్లీ ఎన్-ఐ-టీ, అవును. 83లో ఎన్-ఎస్-ఎస్, అవును. ఆరింటిలో మూడు. నిజంగా చక్కెర గుత్తులున్నది కూడా సరిగ్గా ఆ మూడింటికే. ఎన్ఐటీ, ఎన్ఐటీ, ఎన్ఎస్ఎస్. బీటెక్ చదివిన ఏ తెలుగోడూ ఇది మర్చిపోడు. రెండు కాలేజీలు, ఒక సేవా పథకం.

ఇవి కాక 126వ చోట ఒక సెరీన్‌కి చిన్న చక్కెర ముక్క ఉంటుంది. దానికి ఇంత ఖచ్చితమైన స్పెల్లింగ్ రూల్ లేదు. అంతా కలిపితే ఈ ప్రొటీన్ బరువులో దాదాపు 40 శాతం చక్కెరే.

చక్కెర లేకపోతే ఏమవుతుంది?

సరే, ఇన్సులిన్‌లాగే దీన్నీ చవగ్గా బ్యాక్టీరియాలో చేసుకోవచ్చు కదా? ఇన్సులిన్‌కి చక్కెర గుత్తులు లేవు, కాబట్టి కుదురుతుంది. ల్యాబుల్లో వాడే మామూలు ఈ-కోలై బ్యాక్టీరియాకి ఈ చక్కెర అంటించే మెషీన్ లేదు. దానిలో ఈపీఓ చేస్తే అక్షరాలన్నీ కరెక్టుగానే వస్తాయి. గాజు పాత్రలో సెల్స్ మీద వేస్తే పనీ చేస్తుంది. ఒంట్లోకి ఎక్కిస్తే మాత్రం ప్రభావం చూపేలోపే మాయమైపోతుంది.

ఎందుకు? దీనికి జవాబు ఇంకో ఇద్దరి దగ్గర ముందే ఉంది. 1960ల చివర్లో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనాటోల్ మోరెల్ అనే వాళ్లు సెరులోప్లాస్మిన్ అనే రక్తపు ప్రొటీన్ మీద పనిచేస్తున్నారు. దాని చక్కెర గుత్తుల కొసన సియాలిక్ యాసిడ్ అనే ఒక రకం చక్కెర ఉంటుంది. దాన్ని మాత్రమే కత్తిరించి కుందేలుకి ఎక్కించారు. మామూలుగా గంటల కొద్దీ రక్తంలో తిరిగే ప్రొటీన్ నిమిషాల్లో మాయం. వెతికితే లివర్లో దొరికింది. కొసన ఉండే టోపీ ఊడిపోతే కింద చక్కెర బయటపడుతుంది, లివర్ దాన్ని పట్టి లాగేసుకుంటుంది. అసలు చక్కెరే లేని ఈపీఓ కథ ఇంకో రకం. సైజు చిన్నది, కాపు లేదు, త్వరగా బయటికి పోతుంది.

అందుకే ఈపీఓని చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి జంతువు అండాశయం నుంచి తీసిన సెల్స్‌లో చేస్తారు. 1957 నుంచీ ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్న సెల్స్ అవి. వాటికి మెషీన్ ఉంది. ఖర్చూ ఎక్కువే.

రూల్ చదవడం నుంచి రూల్ రాయడం దాకా

1980ల చివర్లో ఆమ్జెన్ సైంటిస్టులకి ఒక లెక్క కనిపించింది. ఈపీఓ అణువులన్నీ ఒకేలా ఉండవు. కొన్నిటికి సియాలిక్ యాసిడ్లు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. మూడు గుత్తులకీ, ఆ చిన్న ముక్కకీ కలిపి మహా అయితే 14. ఎక్కువున్నవి ఒంట్లో ఎక్కువసేపు ఉంటున్నాయి, ఎక్కువ పని చేస్తున్నాయి. మరి 14 దాటాలంటే? గుత్తులే పెంచాలి. గుత్తులు పెరగాలంటే రేవులు పెంచాలి. రేవు అంటే స్పెల్లింగే కదా. స్పెల్లింగ్ మారిస్తే?

చాలా చోట్ల మార్చి చూశారు. ఇక్కడే మనం గుర్తుపెట్టుకున్న మాట, పర్మిషన్ వేరు, ఆర్డర్ వేరు. కొన్ని చోట్ల రూల్ ప్రకారం అక్షరాలు పెట్టినా చక్కెర అంటలేదు. కొన్ని చోట్ల అంటితే ప్రొటీన్ ఆకారం చెడింది. చివరికి రెండు చోట్లు నిలిచాయి. 30వ అక్షరం ఏ తీసి ఎన్ పెట్టారు, 32లో హెచ్ తీసి టీ. రెండోచోట 87లో పీ తీసి వీ, 88లో డబ్ల్యూ తీసి ఎన్, 90లో పీ తీసి టీ. మొత్తం ఐదంటే ఐదే అక్షరాలు.

కొత్తగా వచ్చిన రేవుల పేర్లు చదవండి. 30 నుంచి ఎన్-ఈ-టీ. 88 నుంచి మళ్లీ ఎన్-ఈ-టీ. నెట్, నెట్! పాతవి ఎన్ఐటీ, ఎన్ఐటీ, ఎన్ఎస్ఎస్. కొత్తవి నెట్, నెట్.

మూడు గుత్తులు ఐదయ్యాయి. సియాలిక్ యాసిడ్లు 22 దాకా పెరిగాయి. చక్కెర బరువులో సగం దాటింది. రక్తంలో సగం మందు మిగలడానికి పట్టే సమయం పాతదానికి దాదాపు 8.5 గంటలు, కొత్తదానికి దాదాపు 25 గంటలు. మూడింతలు. ఆశ్చర్యమేంటంటే, కొత్తది ఎముక మజ్జలోని సెల్స్‌ని పాతదానికంటే తక్కువ గట్టిగా పట్టుకుంటుంది. అయినా ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి మొత్తం మీద గెలుస్తుంది. దీనికి డార్బెపోయిటిన్ అని పేరు పెట్టారు. 2001లో అమెరికాలో, యూరప్‌లో అనుమతి వచ్చింది.

వారానికి మూడు చేసే పని ఒకటి ఎలా చేస్తుంది? ఇలా చేస్తుంది. ఆ చక్కెర ఎక్కువ అంటించడం వల్లే. నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం. తప్పు చెప్పింది బీటెక్ అల్లుడు.

హైదరాబాద్ మలుపు

ఇప్పుడు మన వైపు వద్దాం. 1984లో అంజిరెడ్డి గారు మొదలుపెట్టిన డాక్టర్ రెడ్డీస్ అందరికీ తెలిసిందే. వాళ్లు ప్రొటీన్ మందుల్లో వేసిన అడుగులు వరసగా చూస్తే చక్కెర మెట్లు ఎక్కినట్టుంటుంది. 2001లో గ్రాఫీల్. తెల్ల కణాలు పెంచే మందు, చక్కెర లేకపోయినా పనిచేస్తుంది, బ్యాక్టీరియాలో చేయొచ్చు. 2007లో రెడిటక్స్. ఇది యాంటీబాడీ, ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కి వాడతారు. దీనిలో ఒక రేవు ఉంది, ఎన్-ఎస్-టీ. హ్యామ్‌స్టర్ సెల్స్ కావాలి. 2010లో క్రెస్ప్. అదే డార్బెపోయిటిన్. ప్రపంచంలో మొదటి కాపీ మాదేనని కంపెనీ ప్రకటించింది.

ఇలాంటి వాటిని జెనరిక్ అనకుండా బయోసిమిలర్ అంటారు. సిమిలర్ అంటే పోలినది. అచ్చు అదే అని ఎందుకు అనరు? మళ్లీ చక్కెర వల్లే. అక్షరాలు కాపీ కొట్టడం ఈజీ, 165 అక్షరాలు పబ్లిక్‌గా ఉన్నాయి. చక్కెర ఎక్కడ అంటాలో అక్షరాలు చెప్తాయి గానీ, ఆ గుత్తి చివరికి ఎలా తయారవ్వాలో చెప్పవు. అది సెల్ చేతిలో ఉంటుంది. సెల్స్‌కి ఏం తిండి పెట్టాం, ఎంత వేడిలో పెంచాం అన్నదాని మీద కూడా మారుతుంది. ఆత్రేయపురం పూతరేకుల్లాగన్నమాట. బియ్యం, నెయ్యి, బెల్లం అని రాసిచ్చేయొచ్చు. రేకు తీసే చెయ్యి రాసివ్వలేం. అందుకే బ్యాచ్ బ్యాచ్‌కీ చక్కెర గుత్తుల్ని కొలిచి చూసుకుంటారు.

చక్కెరే పట్టించింది

ఈ కథకి ఇంకో వైపు ఉంది. ఎర్ర కణాలు పెరిగితే ఆక్సిజన్ ఎక్కువ. ఆక్సిజన్ ఎక్కువైతే పరుగులో అలుపు తక్కువ. అర్థమైంది కదా? క్రీడాకారులు దొంగతనంగా వాడడం మొదలుపెట్టారు. 2002లో సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్. స్పెయిన్ తరఫున ఆడిన యోహాన్ మ్యూలెగ్, రష్యాకి చెందిన లజుతినా, డనిలోవా, ముగ్గురు స్కీయర్లు డార్బెపోయిటిన్‌తో దొరికిపోయారు. కొత్త మందు కదా, దొరకదనుకున్నారేమో. సియాలిక్ యాసిడ్‌కి నెగెటివ్ చార్జ్ ఉంటుంది. రెండు గుత్తులు ఎక్కువ అంటే చార్జ్ ఎక్కువ. కరెంటు పెట్టి జెల్‌లో పరిగెత్తిస్తే, ఒంట్లో సహజంగా పుట్టే ఈపీఓ ఒకచోట ఆగుతుంది, ఇది ఇంకోచోట. ఏ చక్కెర బలమిచ్చిందో ఆ చక్కెరే సాక్ష్యం చెప్పింది.

రోగులకి కూడా ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. డయాలసిస్ దాకా రాని, షుగరూ కిడ్నీ జబ్బూ ఉన్న దాదాపు 4,000 మంది మీద చేసిన ట్రీట్ అనే పరిశోధన 2009లో వచ్చింది. డార్బెపోయిటిన్‌తో హిమోగ్లోబిన్‌ని 13 దాకా తీసుకెళ్లాలని చూస్తే, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపైంది. అందుకే డాక్టర్లు దాన్ని మామూలు మనిషి స్థాయికి తేకుండా కాస్త కిందే ఉంచుతారు. "ఇంకో డోసు వేస్తే త్వరగా కోలుకుంటాను కదా" అని సొంతంగా వేసుకునే మందు కాదిది.

మళ్లీ మావయ్య దగ్గరికి

రక్తం ఎక్కించిన వారం తర్వాత నేను రాజోలు వచ్చాను. అరుగు మీద కూర్చుని, పాత క్యాలెండర్ కాగితం వెనకాల 165 అక్షరాలూ రాశాను. మూడు చోట్ల ఎర్ర పెన్నుతో గీశాను, రెండు చోట్ల నీలం పెన్నుతో. మావయ్య చాలాసేపు చూశాడు. కొబ్బరికాయల వ్యాపారంలో ముప్పై ఏళ్లు సఖినేటిపల్లి పంటు ఎక్కి దిగిన మనిషి.

"అంటే గట్టు అదే. కొత్తగా రెండు రేవులు కట్టారు. అంతేగా?"

అంతే మావయ్యా అన్నాను. నేను నాలుగు రోజులు చదివింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"మరి ఆరోజు డూప్లికేట్ అన్నావేంట్రా?"

తెలీక అన్నాను మావయ్యా అన్నాను. "తెలీదని చెప్పుంటే డాక్టర్ గారినే అడిగేవోణ్ని కదరా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మన ఇళ్లల్లో బీటెక్ చదివినవాడు అన్నీ తెలిసినవాడు. ఫోన్ రిపేరు మనమే, లోన్ పేపర్లు మనమే, మందుల చీటీ కూడా మనమే. మీకూ ఇలాంటి ఫోన్లు వస్తాయి. వస్తే, తెలీనప్పుడు తెలీదని చెప్పండి. మందు మార్చినా, డోసు తగ్గించినా, ఎందుకని రాసిన డాక్టర్ గారినే అడగమనండి. అడిగేదాకా ఆపొద్దని కూడా చెప్పండి. ఇంకోటి, ఈ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టకూడదు, గట్టిగా కుదపకూడదు. బస్సులో తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో తెచ్చుకోండి.

మావయ్య ఇప్పుడు శనివారం శనివారం వేయించుకుంటున్నాడు. మొన్న చూస్తే హిమోగ్లోబిన్ 10.4. డబ్బాలు ఇప్పుడు పచ్చడి సీసా వెనకాల లేవు. ముందు వరసలో ఉన్నాయి, అత్తయ్య లెక్కపెట్టుకుంటుంది.

ఈసారికి ఇంతే. ఇంట్లో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని ఈ వీడియో చూపించండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.